దాచిన మూడేళ్ళు

గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ వస్తున్న కోడలికి వరండాలోంచి అత్తగారి గొంతు వినపడింది. "మా కోడలికి నలభై తొమ్మిదేనమ్మా. యాభై దాటినవాళ్ళు కావాలంటే పక్కింట్లో అడుగు."

మెట్ల దగ్గర నిలబడి ఉన్నది ఆరోగ్య కార్యకర్త. భుజాన సంచి, చేతిలో పుస్తకం. యాభై నుంచి డెబ్భై నాలుగేళ్ళ దాకా ఉన్న ఆడవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. వచ్చేవారం ఆసుపత్రిలో వాళ్ళకు మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీస్తారట.

కోడలికి నిజానికి యాభై రెండు. భర్తకు యాభై. పెళ్ళి మాటలప్పుడే అత్తగారు ఆమె వయసులోంచి మూడేళ్ళు కత్తిరించి పారేశారు. "మొగుడికంటే పెద్దదని నలుగురూ నవ్వుతారే తల్లీ" అన్నారు. వంట, బట్టలు, స్కూలు ఆఫీసులో గుమాస్తా పని, వీటన్నిటితోపాటు ఆ మూడేళ్ళు దాచడం కూడా ఆమె పనైపోయింది. చత్వారం వచ్చినప్పుడు కళ్ళజోడు ఏడాదిపాటు సొరుగులోనే ఉండిపోయింది. హాజరు పట్టీలో ఒకరి వరసలో పెట్టాల్సిన గుర్తు ఇంకొకరి వరసలో పెట్టి హెడ్మాస్టరు చేత మాట పడింది. నెలసరి ఆగిపోయి ఒంట్లోంచి ఆవిర్లు వస్తుంటే అత్తగారు చెవిలో చెప్పారు, "ఎవరితోనూ అనకు, లెక్కలు కడతారు." భర్త సరదా మనిషే. మాటా మాటా పెరిగితే, "సరే అక్కా, తమరు పెద్దవారు కదా" అని నవ్వుతాడు. ఆ 'అక్కా' ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

కార్యకర్త వెళ్ళలేదు. మెట్టు మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. తాగాక, ఎదురుగా మామగారు పేపరు చదువుకుంటున్నారని కూడా చూడకుండా మొదలెట్టింది.

"నాకు అరవై ఒకటి. యాభై నాలుగులో నాకు కేన్సరు బయటపడింది. నొప్పి లేదు, గడ్డ చేతికి తగల్లేదు, మిషనుకే కనపడింది. చిన్నగా ఉండగానే తీసేశారు. మా ఇంట్లో ఎవరికీ లేదు, మరి నాకెందుకొచ్చిందని డాక్టరమ్మని అడిగా. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పూ పెరుగుతుందమ్మా, చాలామందికి ఇంకో కారణమే దొరకదు అంది. అందుకే ఇంటింటికీ తిరిగి వయసు అడుగుతున్నా. తప్పు చెప్తే నాకేం పోదు."

కోడలు కళ్ళార్పకుండా చూసింది. అరవై ఒకటి! పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పుకున్నట్టు చెబుతోందే ఈ మనిషి! చెప్పులు అరిగిపోయాయి, ముఖం ఎండకు కమిలిపోయింది, అయినా ఎంత దర్జాగా కూర్చుంది! ఆమెను చూస్తుంటే ముచ్చటేసింది, కాస్త కుళ్ళూ పుట్టింది. ఆ వెంటనే భయమేసింది. తన వయసు ఎంత దాచినా ఆ సంగతి ఒంటికి ఎవరూ చెప్పలేదు కదా. ఒళ్ళు యాభై రెండేళ్ళూ పూర్తిగా బతికింది. ఆమె ఇలా అనుకుంటూ ఉండగానే కార్యకర్త గ్లాసు పక్కన పెట్టి లేచింది.

"వచ్చే ఏడు వెళ్దువులే, ఇప్పుడెందుకు గొడవ?" గుమ్మంలోంచి భర్త మెల్లగా అన్నాడు.

ఆమె మెట్లు దిగింది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది. ఆవిడకు వినపడుతుందని తెలుసు, అయినా గొంతు తగ్గించలేదు.

"ఆగండమ్మా. నాకు యాభై రెండు. రాసుకోండి."

ఎదురింటావిడ చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. భర్త తల గోక్కున్నాడు. ఇక అత్తగారు నిప్పులు చెరుగుతారని ఆమె గుండె దిటవు చేసుకుంది. కానీ అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, పుస్తకం దగ్గరికొచ్చారు.

"నా పేరూ రాయి. అరవై తొమ్మిదని చెప్తుంటా అందరికీ. డెబ్భై రెండు వెయ్యి."

మామగారు పేపరు దించారు. "అదేంటే, నాకు డెబ్భై ఒకటే కదా!"

"ఆ సంగతి నాకు పెళ్ళినాటి నుంచీ తెలుసు" అన్నారు అత్తగారు.