ఎర్రనీటికి ఆవల ఉప్పు

నాగదుర్గ ఇంట్లో మూడేళ్ళుగా ఓ చిన్న సముద్రం ఉంది. హాల్లో టీవీ ఉండాల్సిన చోట గాజు తొట్టె, తొట్టెలో రాళ్ళు, నీళ్ళలో పువ్వులా విచ్చుకునే ఎనిమోన్ అనే ప్రాణి, దాన్నే ఇల్లు చేసుకుని కాపరముండే నారింజరంగు క్లౌన్ చేపల జంట. "పులుసుక్కూడా పనికిరాని చేపలకి ఇంత సేవేంటే అమ్మాయ్!" అని రోజుకోసారి అనకపోతే అత్తగారు అచ్చమ్మకి అన్నం సయించదు. కాట్రేనికోన ప్రాంతంలో చేపంటే వండుకునేదే గానీ చూసుకునేది కాదు మరి!

అలాంటిది, ఆ శ్రావణంలో ఆ జంట గుడ్లు పెట్టింది. నాగదుర్గ సంబరం చూసి తీరాలి. పుట్టింటికీ, ఆడపడుచుకీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. ఈ చేపల్లో గుడ్లు కాచేది తండ్రే. రాతికి అంటుకున్న గుడ్ల పక్కనే నిలబడి రెక్కలతో నీళ్ళు విసురుతూ ఉంటాడు. విసరడం మానేశాడా, గుడ్లకి బూజు పట్టి మొత్తం పోతాయి.

మర్నాడు పొద్దున్న చూస్తే తండ్రిగారు మూల చేరి ఉన్నారు. విసరడం లేదు. ఎనిమోన్ పిండేసిన గుడ్డలా ముడుచుకుపోయింది. నాగదుర్గ గబగబా గుడ్ల చుట్టూ నీరు ఆడేలా గాలి గొట్టాన్ని దగ్గరికి జరిపి, అప్పుడే చెరువుల మీంచి వచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏవండీ, ఆ మీటరిలా ఇవ్వండి. తొట్టెలో ఉప్పు చూడాలి."

సత్యప్రసాద్ రొయ్యల రైతు. ఇల్లాలు కూరలో ఉప్పు చూసినట్టు పూటపూటా చెరువులో ఉప్పు చూస్తాడు. ఆ చూసే గొట్టం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. దాని గాజు మీద నీటిచుక్క వేసి వెలుగుకేసి చూస్తే, లోపల నీలంగీత ఏ అంకె మీద ఆగితే ఉప్పు అంత.

"చెరువుకి చూస్తాం గానీ సముద్రానికి ఉప్పు చూస్తామేంటే? నవ్విపోతారు!" అన్నాడు సత్యప్రసాద్. వారంవారం చిర్రయానాం ఒడ్డునుంచి టిన్నులతో సముద్రపు నీళ్ళు తెచ్చి తొట్టెలో కొంత మార్చేది ఆయనే. తెచ్చిన నీళ్ళకి ఒక్కనాడూ మీటరు పెట్టిన పాపాన పోలేదు.

నాగదుర్గ చుక్క వేసి చూసింది. ముప్పైమూడు ఉండాల్సింది, ఇరవై ఒకటి!

"మీటరు పోయుంటుంది," అన్నాడాయన. తాగేనీళ్ళు వేసి చూశారు. సున్నా. మీటరు నిక్షేపంలా ఉంది. మొన్న తెచ్చిన టిన్నులో అడుగున మిగిలిన నీళ్ళు వేసి చూశారు. పదిహేను. సత్యప్రసాద్ మొహం మాడిపోయింది.

"సముద్రం చప్పబడిపోయిందేంటే!"

"గోదారండీ!" అని అరిచింది నాగదుర్గ. "వరదొచ్చింది కదా! ఎర్రనీరంతా సముద్రంలో పడుతోంది. ఒడ్డున మీరు ముంచి తెచ్చేది సగం గోదారే!"

తప్పు తెలిశాక సత్యప్రసాద్ ఆగే మనిషి కాదు. వంటింట్లోకి పరిగెత్తి రాళ్ళుప్పు జాడీతో తిరిగొచ్చాడు.

"ఊరగాయ పెడుతున్నామాండీ?" అడ్డం నిలబడింది నాగదుర్గ. "సముద్రంలో ఉన్నవన్నీ జాడీలో ఉండవు. ఒక్కసారిగా పెంచితే ఉన్న ప్రాణాలు కూడా పోతాయి. మనకి నిజం సముద్రం కావాలి. లేవండి!"

బలుసుతిప్పలో పడవున్న నూకయ్య వీళ్ళ డ్రమ్ములు చూసి, "పులస చేపలకాండీ?" అన్నాడు.

"కాదండీ, నీళ్ళకి."

"వరదల్లో నీళ్ళకి కరువొచ్చిందాండీ!" నూకయ్య నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. అయినా గాలి నిమ్మళంగానే ఉందని ఇంజను వేశాడు.

ఎటు చూసినా ఎరుపే. నాగదుర్గ ఒక చేత్తో పడవ అంచు, ఒక చేత్తో మీటరు పట్టుకుని కూర్చుంది. పన్నెండు. ఇంకాస్త పోయాక పద్దెనిమిది. "పోనివ్వండి, పోనివ్వండి" అంటూనే ఉంది. అంతలో ఎదురుగా, ముగ్గుపిండితో గీసినట్టు నురగగీత. ఇవతల ఎరుపు, అవతల నీలం! పడవ గీత దాటగానే వంగి చేత్తో నీళ్ళు ముంచి చుక్క వేసింది.

"ముప్పైమూడండీ! ముప్పైమూడు!"

సత్యప్రసాద్ ఆనందంతో ఈల వేశాడు. నూకయ్యకి విషయం సగమే అర్థమైనా తనూ ఓ కేక వేశాడు. డ్రమ్ములు నిండాయి.

ఇంటికి రాగానే "ఇక గుమ్మరించెయ్!" అన్నాడు సత్యప్రసాద్. నాగదుర్గ ఒప్పుకోలేదు. ఉప్పు దిగింది మెల్లిగానే, ఎక్కడమూ మెల్లిగానే ఎక్కాలంది. మందుల షాపు నుంచి సెలైను గొట్టం తెప్పించి, బీరువా మీద డబ్బా పెట్టి, చుక్కచుక్కగా తొట్టెలోకి వదిలింది. పడినంత నీరు చెంబుతో తీసేస్తూ వచ్చింది. ఆవిరైన నీటికి బదులు మామూలుగా పోసే మంచినీళ్ళు కూడా ఆపి, ఈ ఉప్పునీళ్ళే పోసింది.

"చేపలకి సెలైనెక్కించే కోడలు జిల్లా మొత్తానికి నాకే దొరికింది," అంది అచ్చమ్మ. అంటూనే, చుక్క ఆగితే కేకేసేదీ ఆవిడే. సత్యప్రసాద్ చెరువుకి పోయినా మనసక్కడ లేదు. ఫోన్ చేసి క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాడు. ఇరవై మూడు. ఇరవై అయిదు. ఇరవై ఎనిమిది. ఎనిమోన్ ఓ పక్క విచ్చుకుంది గానీ తండ్రి మాత్రం మూల వదల్లేదు. నాగదుర్గకి ఆశ సన్నగిల్లింది. అన్నం ముందు కూర్చుని ఏడ్చేసింది కూడా.

ముప్పై దాటిన రోజు ఆమె వంటింట్లో ఉండగా, హాల్లోంచి అచ్చమ్మ కేక ఇల్లెగిరిపోయేలా వినిపించింది.

"అమ్మాయ్! విసురుతున్నాడే! విసురుతున్నాడు!"

నాగదుర్గ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. నిజమే. ఎన్నాళ్ళ బాకీయో తీరుస్తున్నట్టు రెక్కలు ఆడిస్తున్నాడు తండ్రి. ఆమె ఫోన్ టార్చి వేసింది. కొన్ని గుడ్లు తెల్లబడి పోయాయి. మిగతా అన్నిట్లోనూ జంటజంటగా వెండి చుక్కలు.

"అవేంటే, మెరుస్తున్నాయి?"

"కళ్ళు, అత్తయ్యగారూ."

అచ్చమ్మ గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత కోడలి చేతి మీద ఒక్కటి వేసింది.

"దీపం తియ్యవే. పసివాళ్ళ కళ్ళల్లో పడుతోంది."