తులసత్త నవ్వినప్పుడు

మా తులసత్త నవ్వదు. అందుకని ఊళ్లో ఆమెకి పొగరని పేరు. పూర్తి పేరు లక్ష్మీతులసి, మా నాన్నకి చెల్లెలు, మా ఇంట్లోనే ఉంటుంది. ఆత్రేయపురంలో వెంకటరమణమ్మ గారి షెడ్డులో పూతరేకులకి రేకు తీస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే పొరలాగా రేకు వస్తుంది. అత్త తీసిన రేకుని నా పుస్తకం మీద పెడితే కింద అక్షరాలు చదవవచ్చు. ఆ కుండ ముందు కూర్చున్నప్పుడే అత్త తలెత్తి ఉంటుంది.

ఆమెకి ఇంకో పేరు నిద్రమొహం. అన్నం కలుపుతూ నిద్రపోతుంది. బస్సులో నిలబడి నిద్రపోతుంది. ఒక్కోసారి కుండ దగ్గర కళ్లు మూతలు పడినా చెయ్యి గుడ్డని ముంచుతూనే ఉంటుంది. ఆ రేకులూ బాగానే వస్తాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గొడవల్లా పడిపోవడంతోనే. ఉన్నట్టుండి మోకాళ్లు వదిలేస్తాయి, మెడ వాలిపోతుంది, మాట రాదు. రెండు నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. లేచాక ఆ రెండు నిమిషాల్లో ఎవరేమన్నారో అంతా అప్పజెబుతుంది.

"అన్నీ విన్నావంటే తెలివిలో ఉన్నట్టే కదే. తెలివిలో ఉన్న మనిషి పడిపోడమేంటి? నాటకం కాపోతేనూ," అని వెంకటరమణమ్మ గారు అనేవారు.

అత్త మళ్లీ గుడ్డ ముంచుకునేది.

నేను ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తిచేశాను. నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. రాసుకుంటాను. సెలవుల్లో ఆ షెడ్డులోనే పంచదార, నెయ్యి వేసి రేకులు చుట్టేదాన్ని. అత్త పడిపోయినప్పుడల్లా ఇంటికి వచ్చి డైరీలో రాశాను.

"మంగళవారం. నా పక్కన రేకులు చుట్టే విజయదుర్గ, వాళ్ల పుంజు వాళ్ల మామగారి పంచె పట్టుకుని లాగిన సంగతి చెప్పింది. అత్త పడింది."

"శనివారం. టీవీ చూస్తుంటే అత్త పెదవులు కదిలాయి. చేతిలో గ్లాసు జారింది."

"నాయనమ్మ సంవత్సరీకం. అత్త చాలా ఏడ్చింది. పడలేదు."

"మధ్యాహ్నం అత్త నడుం వాల్చగానే నాయనమ్మ తడి చీరతో గుమ్మంలో నిలబడిందట. అప్పటికింకా మెలకువగానే ఉన్నానే, గడియారం కూడా కనపడతంది అంది. కల ముందు వచ్చింది. నిద్ర తరవాత వచ్చింది."

ఇలా నెలరోజులు రాశాక మొదటినుంచీ చదువుకున్నాను. నవ్వుకీ పడిపోవడానికీ సంబంధం ఉందనిపించింది. నిజమో కాదో చూడాలనుకున్నాను.

మే పదిహేడున అందరూ భోజనాలకి వెళ్లారు. అత్త చివరి వాయి తీస్తోంది. నేను దగ్గరికి వెళ్లి, వెంకటరమణమ్మ గారి గొంతుతో మొదలుపెట్టాను. అంతకుముందు రోజు జరిగిన సంగతే. ఆవిడ భర్త సత్తిరాజు గారు అరుగు మీద గురక పెడుతున్నారు. హైదరాబాదు నుంచి ఎవరో ఆర్డరు కోసం ఫోన్ చేశారు.

"ఆయ్, చెప్పండి. చప్పుడా అండీ? అది మా గ్రైండరండీ. పిండి రుబ్బుతున్నామండీ. కట్టెయ్యాలా? ఆయ్, ఒక్క నిమిషం." ఆవిడ వెళ్లి సత్తిరాజు గారిని గోడవైపు దొర్లించి వచ్చారు. "కట్టేసేనండీ. ఇప్పుడు చెప్పండి."

అత్త పెదవులు బిగబట్టింది. తరవాత నవ్వింది. ఆమె పళ్లు కూడా నేను అప్పుడే సరిగ్గా చూశాను. మెడ వాలింది. కుడి చెయ్యి కుండ మీద పడింది. నేను లాగేలోపు మణికట్టు కాలింది.

ఆ రోజు డైరీలో ఒక్క మాటా వదలకుండా అంతా రాశాను. కుండ సంగతి ముందే ఎందుకు ఆలోచించలేదని కింద రాశాను. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు.

వెంకటరమణమ్మ గారు అత్తని కుండ ముందు కూర్చోవద్దన్నారు. "నా షెడ్డులో ఏదన్నా అయితే ఎవరు సమాధానం చెబుతారు? నాటకమో జబ్బో డాక్టరే చెప్పాలి. జబ్బయితే మందు ఇప్పిస్తాను. నాటకమైతే ఇంటికి పంపేస్తాను," అన్నారు. నాన్నకి కోతలు. అందుకని అత్తనీ నన్నూ ఆవిడే వెంటబెట్టుకుని అమలాపురంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నేను డైరీ సంచిలో పెట్టుకున్నాను. పైకి తీస్తానని అనుకోలేదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు అత్తని అడిగారు. "పడిపోయే ముందు ఏం జరుగుతుందమ్మా?"

"తెలీదండీ," అంది అత్త.

"ఏం జరగదండీ," అన్నారు వెంకటరమణమ్మ గారు. "సుబ్బరంగా ఉంటాదండీ. సుబ్బరంగా ఉన్న మనిషి పడతాదండీ."

"తల స్కాన్‌లో ఏం లేదు. రక్తపరీక్షలూ బాగున్నాయి," అన్నారు డాక్టరు గారు. ఫైలు మూయబోయారు.

ఆ ఫైలు మూస్తే అత్త ఇంటికి వెళ్లిపోవాలి. నేను సంచిలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టాను. మొదటి పేజీ తెరిచాను.

డాక్టరు గారు మొదటినుంచి చదివారు. 'కల ముందు వచ్చింది' అన్న చోట ఆగి, పెన్నుతో గీత పెట్టారు. తరవాత మే పదిహేడు వచ్చింది. అది పైకి చదివారు. సత్తిరాజు గారి పేరు, గ్రైండరు, గోడవైపు దొర్లించడం, కట్టేసేనండీ, అన్నీ. వెంకటరమణమ్మ గారు నా వైపు తిరిగారు. నేను బల్ల కాళ్లు చూస్తున్నాను.

అత్త నవ్వింది. కుర్చీలోంచి పక్కకి జారింది. డాక్టరు గారు లేచి పట్టుకున్నారు.

"చూసేరా అండీ? ఇదేనండీ నేను చెప్పింది," అన్నారు వెంకటరమణమ్మ గారు.

డాక్టరు గారు చిన్న రబ్బరు సుత్తి తీసి అత్త మోకాలి కింద కొట్టారు. కాలు కదలలేదు. రెండోసారి కొట్టినా కదలలేదు. ఒక నిమిషం గడిచాక అత్త తల ఎత్తింది. మళ్లీ కొడితే కాలు ఎగిరింది.

"మీరు కూర్చోండమ్మా," అని వెంకటరమణమ్మ గారి మోకాలి మీదా కొట్టారు. ఆవిడ కాలు బల్లకి తగిలింది. "ఇప్పుడు కదలకుండా ఆపండి చూద్దాం."

ఆవిడ పళ్లు బిగించారు. కాలు ఎగిరింది.

"ఆగట్లేదేంటండీ ఇది!"

"ఎవరికీ ఆగదు. ఆమెకి ఇందాక ఎగరలేదు. నాటకం ఆడితే అది కుదరదు," అన్నారు డాక్టరు గారు. జబ్బు పేరు నార్కోలెప్సీ అని కాగితం మీద రాశారు. మెలకువలో ఉండగానే నిద్రలోని కలా, కండరాలు వదిలేయడమూ వచ్చేస్తాయని చెప్పారు. పెద్దాసుపత్రిలో నిద్రపరీక్ష చేయించాలన్నారు. మందు వాడి పడిపోవడం తగ్గేదాకా మంట దగ్గరికి వెళ్లవద్దన్నారు. డైరీ నాకే తిరిగిచ్చి రాయడం ఆపవద్దన్నారు.

రావులపాలెం బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. చాలాసేపటికి వెంకటరమణమ్మ గారు అన్నారు. "అది గ్రైండరేనే."

నేను అత్తతో చెప్పాను. "కావాలనే నవ్వించేను అత్తా. చూద్దామని."

"తెలుసు."

"నవ్వితే పడతానని నీకు ముందే తెలుసా?"

"చిన్నప్పటినుంచీ తెలుసు. చెబితే ప్రతివాళ్లూ నవ్వించి చూస్తారు కదే."

నేను చేసిందీ అదే. కాసేపు కిటికీలోంచి అరటి గెలల లారీలు చూశాను.

"మరి ఆ రోజు ఆపుకోలేదేం?"

"నువ్వు అన్ని మాటలు మాట్లాడ్డం నేనెప్పుడన్నా విన్నానా? నవ్వు ఆపుకోవాలంటే మాట చెవిన పెట్టకూడదు. చివరిదాకా విందామనుకున్నాను," అంది. తరవాతి స్టాపు రాకముందే నిద్రపోయింది.

కుండ ముందు ఇప్పుడు విజయదుర్గ కూర్చుంటోంది. ఆమె రేకులు ఇంకా మందంగానే వస్తున్నాయి. అత్త నా పక్కన చుట్టే దగ్గర కూర్చుని అక్కడినుంచే ఆమెకి చెబుతూ ఉంటుంది. మందు మొదలై మూడు వారాలయింది.

"సోమవారం. వెంకటరమణమ్మ గారు లోపలికి వచ్చి, తులసీ, ముందు గోడకి చేరబడు, మీ బాబాయి గారి గురక సంగతొకటి చెబుతాను అన్నారు. అత్త రేకు పక్కన పెట్టి చేరబడింది. చెప్పారు. నవ్వింది. తల వాలింది. ఎవరూ పని ఆపలేదు."