ఎడమకు తిరిగే తాళం

నేను ఒక తాళంకప్పను. అనుమానించడం నా వృత్తి. మనుషులందరూ నమ్మదగినవారైతే నాకు పుట్టుకే ఉండేది కాదు. కనుక నా మాటలలో మెత్తదనం వెతకవద్దని ముందే మనవి చేస్తున్నాను.

తాళాలకు పేరుపడ్డ తమిళ ఊరు దిండిగల్లులో ఒక ఇరుకు కొలిమి దగ్గర ఇనుపరేకు మడిచి, ఇత్తడి మూత బిగించి నన్ను తయారు చేశారు. చేసినవాడిది ఒక వింత పట్టుదల. లోకంలోని తాళాలు కుడికి తిరుగుతుంటే, అతని చేతి తాళాలు ఎడమకు తిరిగేవి. దొంగ కుడికి తిప్పి తిప్పి విసిగిపోవాలని అతని ఆలోచన. ఓపిక గల దొంగ ఉంటాడని అతనికి తట్టలేదు.

ఫిరంగిపురం రైతు ఒకాయన నన్ను గుంటూరు బజారులో కొన్నాడు. ఆయన కూతురు కన్యస్త్రీల మఠంలో చేరి ఫిలిప్పీన్స్ దీవులకు ప్రయాణమైతే, ఆమె ట్రంకుపెట్టెకు నన్ను వేసి పంపాడు. ఆమెను అక్కడ సిస్టర్ స్కొలాస్టికా అనేవారు. ఇలోయిలో అనే పట్టణంలోని కాన్వెంటు బడిలో వంటసామాన్ల గదికి నన్ను కాపలా పెట్టింది. నన్ను తీసినప్పుడూ వేసినప్పుడూ తనలో తాను తెలుగులో మాట్లాడుకునేది. ఆ ఊళ్ళో ఆ భాష వినడానికి ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు. ఈనాడు మీతో ఇలా మాట్లాడగలగడం ఆమె పెట్టిన భిక్ష.

ఒక ఏడు ఆ గదిలో పంచదార తగ్గసాగింది. వంటింట్లో సాయం చేసే ఫెలిసితాస్ అనే హాస్టలు పిల్ల మీద సిస్టర్‌కు అనుమానం కలిగింది. నాకూ కలిగింది. గౌను జేబు తడిమితే దొరికింది పంచదార కాదు, పంచదార సంచి నుంచి చింపిన కాగితం ముక్క. దాని మీద మూడు పాదాలు.

"ఏమిటే ఇది? పద్యమా? మరి సగంలో పారిపోయిందేం?"

"ఇంతే ఉంటుంది సిస్టర్. హైకూ అంటారు, జపానువాళ్ళది. లైబ్రరీ పుస్తకంలో చూశాను. ఎక్కువ మాట్లాడటానికి చోటుండదు."

"అయితే నీ నోటికి మంచి మందే."

పంచదార తిన్నవి ఎలుకలని తరువాత తేలింది. చదువు ముగించి ఫెలిసితాస్ వెళ్ళేనాడు సిస్టర్ నన్నూ, నా రెండు తాళంచెవులనూ ఆమె చేతిలో పెట్టింది. "నిన్ను ఊరికే అనుమానించాను. నేను ఇవ్వగలిగింది ఇదే. ఎడమకు తిప్పాలి, గుర్తుంచుకో" అంది. అనుమానించినవారు పరిహారం చెల్లించడం నేను చూసిన మొదటిసారి అది. అంత వెంటనే చెల్లించడం చూసినది అదే ఆఖరు.

ఫెలిసితాస్ ఎదురుగా ఉన్న గిమరాస్ దీవిలో బడి టీచరు అయింది. జలసంధి మీద మోటారు పడవ నడిపే ఎలిసియోను పెళ్ళాడింది. పెళ్ళికి జ్ఞానతండ్రిగా నిలిచినవాడు క్రిస్పులో అనే ఊరిపెద్ద. ఆ దీవులలో అలాంటి పెద్దను నినోంగ్ అంటారు. ఆయన చేతిని అందుకుని వంగి నుదుటికి ఆనించుకోవడం అక్కడి మర్యాద. క్రిస్పులో వేలికి ఎర్రరాయి ఉంగరం ఉండేది. ఊళ్ళో సగం నుదుళ్ళకు ఆ రాయి చల్లదనం తెలుసు.

కొత్త ఇంటిలో బాల యేసు పటాన్ని గోడకు తగిలించినది కూడా ఆయనే. ఆయన ఉండగానే, ఆ మేకుకే పటం వెనుక ఫెలిసితాస్ నా రెండో తాళంచెవిని వేలాడదీసింది. మొదటిది ఆమె మెడలో ఉండేది. నేను ఆమె చెక్కపెట్టెకు కాపలా. ఆ పెట్టెలో దుప్పట్ల కింద హైకూలు ఉండేవి: క్యాలెండరు వెనుక రాసినవి, సిమెంటు సంచి కాగితం మీద రాసినవి. అన్నం వారుస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ, కూతురు నెనెట్‌ను జోకొడుతూ ఆమె వేళ్ళు మడిచి అక్షరాలు సరిచూసుకునేది. రాసినవి ఎవరికీ చూపేది కాదు.

"నాకైనా చదివి వినిపించవా, ఇతాస్?" అని ఎలిసియో ఆమెను ముద్దుపేరుతో పిలిచి అడిగేవాడు.

"పూర్తి కానీ."

"మూడు లైన్లే కదే! నా పడవ ఈలోగా నాలుగు తడవలు వెళ్ళొస్తుంది."

ఆమె నవ్వి నన్ను వేసేసేది. అతను ఒక్కనాడూ నా మీద చెయ్యి వేయలేదు. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. దీనికి సాక్షిని నేను, నన్ను విచారించినవారు లేరు.

అంతలో దేశంలో సైనికపాలన వచ్చింది. పక్కింటివాడి దగ్గు కూడా జనం జాగ్రత్తగా వినసాగారు. మే నెలలో మరియమ్మకు పువ్వులు సమర్పించే ఊరేగింపుకు ఇంటిల్లిపాదీ వెళ్ళిన సాయంత్రం ఒక చెయ్యి నన్ను పట్టుకుంది. కుడికి తిప్పింది, లొంగలేదు. మళ్ళీ కుడికి తిప్పింది. తొందర పడలేదు. కాసేపు ఆగి ఎడమకు తిప్పింది. ఉంగరపు రాయి నా ఇత్తడికి తగిలి టక్కుమంది. క్రిస్పులో కాగితాలన్నీ చొక్కాలో దోపుకుని, నన్ను యథావిధిగా వేసి, తాళంచెవిని పటం వెనుక తగిలించి, బాల యేసు ఎదుట శిలువ గుర్తు కూడా వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు సైనికులు వచ్చి ఫెలిసితాస్‌ను తీసుకుపోయారు. శిబిరంలో జరిగినది ఆమె తరువాత తన చెల్లెలికి చెబుతుండగా విన్నాను. కెప్టెన్ ఆమె ఎదుట ఒక కాగితం పెట్టాడట. ఆమె భాషలో ఉన్నదాన్ని నాకు వచ్చిన తెలుగులో చెబుతాను:

మూడు నావలు
దీపమార్పి దాటాయి
చంద్రుడు సాక్షి

"ఆ పడవల్లో ఎవరు వెళ్ళారు? ఈ చంద్రుడెవడు? దొంగపేరా?" అని అడిగాడట.

"వెన్నెల్లో కిరోసిన్ దండగని దీపం ఆర్పుతారు సార్. చంద్రుడంటే చంద్రుడే."

"టీచరమ్మా, ఇంత చిన్న ఉత్తరం సంకేతం కాక మరేమిటి?"

తన పెట్టెలోవి మీకెలా వచ్చాయని ఆమె అడిగితే, "ఇంటి తాళం ఇంటివాళ్ళే తీస్తారు" అని కెప్టెన్ నవ్వాడట.

తిరుగుబాటుదారులకు సంకేతాలు పంపిందన్న ఆరోపణ రుజువు కాక ఆమెను వదిలిపెట్టారు. ఉద్యోగం మాత్రం తీసేశారు. ఇంటికి రాగానే ఆమె తిన్నగా నా దగ్గరకు వచ్చింది. నా మీద గీత లేదు, దెబ్బ లేదు. తాళంచెవితోనే తీశారని గ్రహించింది. రెండో చెవి సంగతి ఎలిసియోకు తప్ప మరెవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఆ పటం గోడకు తగిలించిన చెయ్యి ఎవరిదో ఆమెకు గుర్తు రాలేదు. మెల్లగా తల తిప్పి, గుమ్మంలో తడికాళ్ళతో నిలబడ్డ భర్తను చూసింది.

ఆ చూపును నేను ఎరుగుదును. అది నా చూపే.

అడిగి ఉంటే అతను చెప్పేవాడు. ఆమె అడగలేదు. కాన్వెంటు పిల్లలు అవమానాన్ని అడిగి తేల్చుకోరు, దిగమింగుకుంటారు. రెండో తాళంచెవిని కూడా మెడలో వేసుకుంది. హైకూలు రాయడం మానేసింది. అతనికి అన్నం వడ్డించేది, చొక్కా ఉతికేది, మాట మాత్రం అవసరానికి తూచి ఇచ్చేది. శిబిరంలో ఏదో జరిగి ఆమె మనసు విరిగిందని అతను అనుకున్నాడు. ఊరికంతటికీ అలాగే చెప్పి ఆమెను వెనకేసుకొచ్చేవాడు. క్రిస్పులో ప్రతి క్రిస్మసుకూ వచ్చి ఆమె నుదుటికి చెయ్యి అందించేవాడు. నేను మూలన కూర్చుని అన్నీ చూశాను. నోరు లేని సాక్షికి తుప్పు త్వరగా పడుతుంది.

నెనెట్ పెళ్ళినాటికి సైనికపాలన పోయింది, క్రిస్పులో ముసలివాడయ్యాడు. దుప్పట్లు నింపిన మా పెట్టెను కానుకగా పందిట్లోకి తెచ్చి భోజనాల బల్ల పక్కన పెట్టారు. నూడుల్సు, పంది వేపుడు, కొబ్బరికల్లు సాగుతున్నాయి. క్రిస్పులో గ్లాసు పట్టుకుని లేచాడు.

"ఈ పిల్ల చంటిదిగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ దీని మీద కవిత రాసింది, తెలుసా మీకు? ఒక్కసారి చదివాను, అంతే, పట్టేసుకుంది. వినండి."

నిద్రలో పాప
పిడికిలి విప్పింది
లోపల గవ్వ

పందిరి చప్పట్లతో మోగింది. అతను నిజంగానే మురిసిపోతున్నాడు. పెద్ద కావ్యం దొంగిలించినవాడు దాన్ని మరిచిపోగలడు. హైకూ అలా కాదు, చెప్పులో ముల్లులా లోపలే ఉండిపోతుంది. తనకు తెలియకుండానే అతను దొంగసొత్తును పదిమందిలో బయటపెట్టాడు.

ఫెలిసితాస్ చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది.

"నినోంగ్, అది మీరెక్కడ చదివారు?"

"నువ్వే చూపించావు కదమ్మా!"

"నేనెవరికీ చూపించలేదు. దీని తండ్రికి కూడా."

"నిజమే, నాకెప్పుడూ చూపించలేదు" అన్నాడు ఎలిసియో అమాయకంగా. "మూడు లైన్లే అయినా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. క్రిస్పులో ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుకోసాగాడు. ఇదేమీ అర్థం కాని నెనెట్, పెద్దాయన ఆశీర్వాదం కోసం వంగి అతని చేతిని అందుకోబోయింది.

"నెనెట్, ఆ చెయ్యి వద్దు."

"నాయ్! అందరూ చూస్తున్నారే!" అంది పిల్ల గుసగుసగా, అమ్మను తమ భాషలో పిలిచి.

"చూడనీ."

"ఆ రోజులు అలాంటివి ఇతాస్" అన్నాడు క్రిస్పులో. "నన్నూ పిలిచి అడిగారు. నాకూ పిల్లలున్నారు."

"అడిగితే చెప్పేవాళ్ళుంటారు. మీరు పటం వెనక వెతికారు. నా ఉద్యోగం సంగతి వదిలెయ్యండి. ఇన్నేళ్ళూ నా మొగుడి కంచంలో నేను అనుమానం వడ్డించాను. అతను మాట్లాడకుండా తిన్నాడు. దానికి బదులు చెప్పండి."

 క్రిస్పులో గ్లాసు దించి కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో ఆ చెయ్యి ఏ నుదుటినీ తాకలేదని విన్నాను. ఆ శిక్ష చాలునా అని మీరడిగితే, చాలదు. కెప్టెన్‌కు పదోన్నతి దక్కింది, ఆమెకు ఉద్యోగం తిరిగి రాలేదు. ఈ లెక్క నా దృష్టిలో నేటికీ తెగలేదు.

నెనెట్ దుప్పట్లు మాత్రం తీసుకుని, "ఈ పెట్టె నీదే నాయ్" అని వదిలి వెళ్ళింది. మర్నాడు ఉదయం ఫెలిసితాస్ ఒక కాగితం రాసి లోపల పెట్టి, నన్ను వేసి, మెడలోని తాళంచెవి ఒకటి తీసి భర్త చేతికిచ్చింది.

"తియ్యి."

అతను పడవ తాళ్ళతో కాయలు కాసిన చేతితో నన్ను పట్టుకున్నాడు. ఆ చెయ్యి నాకు కొత్త. కుడికి తిప్పాడు. బలంగా తిప్పాడు. చెవి తీసి ఊది, మళ్ళీ పెట్టి కుడికే తిప్పాడు.

"తుప్పు పట్టిందే ఇది, ఇతాస్. కొబ్బరినూనె తే."

ఆమె నూనె తేలేదు. అతను కుడికి తిప్పిన ప్రతిసారీ ఆమె ముఖం నేలకు వాలిపోతోంది. ఇన్నేళ్ళుగా నేను ఇవ్వలేకపోయిన సాక్ష్యాన్ని ఆ చేతకాని చెయ్యి ఇస్తోంది.

"ఎడమకు" అంది చివరికి.

నేను తెరుచుకున్నాను. అంత సంతోషంగా ఎన్నడూ తెరుచుకోలేదు. అతను కాగితం తీసి కిటికీ దగ్గర చదువుకున్నాడు.

తాళం తీశాను
లోపల దాచిందంతా
నీ ఉప్పుగాలి

"ఇందులో క్షమించమని ఎక్కడుంది?"

"చోటు చాల్లేదు."

"ఉప్పు కూడా కొంచెం ఎక్కువైంది" అని, అతను కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని పడవ దగ్గరకు వెళ్ళిపోయాడు. రేవు దాకా ఆమె అతని వెనకే నడిచింది.

ఇప్పుడు నాకు కాపలా పని లేదు. పెట్టె తెరిచే ఉంటుంది. కొత్త హైకూలు సముద్రపుగాలికి ఎగిరిపోకుండా కిటికీ అరుగు మీద వాటిపై నన్ను బరువుగా పెడతారు. ప్రతి ఉదయం పడవ విప్పబోయే ముందు కాయలు కాసిన చెయ్యి ఒకటి నన్ను పైకెత్తి, కింద ఉన్నది చదివి, మళ్ళీ జాగ్రత్తగా దించుతుంది. పాత అలవాటు కొద్దీ నేను ఆ చేతిని ఒకసారి తడిమి చూసుకుంటాను. వేలికి ఉంగరం ఉండదు.