పలకని మీటలు

"తడిచేతులతో నొక్కితే అంతే మరి. ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆమె ఏమంటుందో వినకుండానే చెప్పుల్లో కాళ్లు దూర్చి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

వెనక వరండాలో వాషింగ్ మెషిన్ దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి గానీ, ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. గాజు తలుపు బిగుసుకుపోయింది. లోపల సబ్బునీళ్లలో అతని తెల్లచొక్కాలూ అత్తగారి దుప్పటీ ఒకదాన్నొకటి చుట్టుకుని నిద్రపోతున్నట్టు తేలుతున్నాయి. ఆమె వేలు తువ్వాలుకు తుడుచుకుని మళ్లీ నొక్కింది. గట్టిగా నొక్కింది, మెల్లగా నొక్కింది, బతిమాలుతున్నట్టు నొక్కింది. ఇలా బతిమాలడం ఆమెకు అలవాటే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎన్నోసార్లు, అతను కాస్త హాయిగా ఉన్న పూట చూసుకుని, కంచంలో కూర వడ్డిస్తూ, "నేను మళ్లీ ఏదైనా పని చూసుకోనా?" అని అడిగింది. "మంచినీళ్లు," అనేవాడు అతను, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆమె మంచినీళ్లు పోసేది. ఆ ప్రశ్న అక్కడే, ఆ గ్లాసు అడుగున, మునిగిపోయేది.

మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"దీపాలు వెలుగుతున్నాయి, మీటలు పని చెయ్యడం లేదండీ. ప్లగ్గు తీసి పావుగంట ఆగి మళ్లీ పెట్టి చూశాను. పిల్లలు నొక్కకుండా తాళం ఉంటుంది కదా, అది కూడా..."

"సార్‌కి ఒకసారి ఫోనివ్వండమ్మా."

"సార్ ఆఫీసుకెళ్లారు."

"అయితే సాయంత్రం సార్‌తో ఫోన్ చేయించండి. ప్యానెల్ మొత్తం మార్చాల్సుంటుంది. మీకు చెప్తే అర్థం కాదులెండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఇదంతా విన్న అత్తగారు, "బక్కెట్లు తీసుకురా అమ్మాయ్, ఇద్దరం జాడించేద్దాం. నాకు మోకాళ్లు వంగవు గానీ చేతులకేం, దుక్కల్లా ఉన్నాయి," అంది.

ఆమె ప్లగ్గు పీకేసింది. మెషిన్ కిందున్న చిన్న మూత తీసి గొట్టం లాగింది. నురగనీళ్లు వరండా గచ్చు మీద మెల్లగా పరుచుకున్నాయి. మబ్బు పట్టిన పగలు. ఆ నీళ్లలో ఆకాశం బూడిదరంగు గుడ్డలా తేలుతూ తూము వైపు జరిగిపోతోంది. దాన్ని చూస్తూ ఉండగా ఆమెకు ఎందుకో తొందర అనేదే లేకుండా పోయింది. ఈ పూటకు చివర లేనట్టూ, ఎవరూ తనను పిలవరన్నట్టూ అనిపించింది. బక్కెట్లకోసం లోపలికి వెళ్లిన మనిషి భర్త పనిముట్ల పెట్టెతో తిరిగొచ్చింది. ఆఫీసువాళ్లు కానుకగా ఇచ్చిన పెట్టె అది. "పోతాయి, ముట్టుకోకు" అని అతను అల్మరా పైన దాచాడు. చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా విప్పలేదు.

సబ్బుపొడి సొరుగు బయటికి లాగితే దాని వెనక రెండు మరలు కనిపించాయి. పైమూత తీస్తే ఇంకో మూడు. అన్నీ విప్పి, ప్యానెల్‌ను రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోయే పసిపిల్లను ఒత్తిగిలబెట్టినట్టు ఇవతలికి తిప్పింది. లోపల ఆకుపచ్చ బోర్డు. పైనుంచి చూసిన ఊరిలా ఉంది. వెండి సందులూ, నల్లటి పెద్ద ఇళ్లూ, చీమలంత గుడిసెలూ. ఆ ఊళ్లో ఒకప్పుడు తాను ప్రతి సందూ తిరిగింది. పెళ్లికి ముందు నాలుగేళ్లు, ఫ్యాక్టరీలో పొడుగాటి హాల్లో, ఆమెతోపాటు నలభైమంది ఆడవాళ్లు వరుసగా దీపాల కింద తలలు వంచుకుని బోర్డులకు టంకం వేసేవాళ్లు. కరిగిన తగరం చుక్క మెరిసి, వణికి, గడ్డకట్టే ఆ క్షణంలో ఊపిరి కూడా మెల్లగా తీసుకునేది ఆమె. వెంట్రుకంత పగులు కూడా ఆమె కంట పడకుండా పోయేది కాదు. సూపర్‌వైజరమ్మ ఆమెకు భూతద్దం అని పేరు పెట్టింది. "భూతద్దాన్ని పిలవండే!" అంటే హాలంతా నవ్వేది, ఆమె గర్వంగా లేచి వెళ్లేది. పెళ్లయ్యాక భర్త ఆమె వేళ్ల మీది కాలిన మచ్చలు చూసి, "ఈ చేతులతో నలుగురికీ ఎలా వడ్డిస్తావు? మానెయ్," అన్నాడు. ప్రేమతోనే అన్నాడనుకుంది. మచ్చలు మాసిపోయాయి. పేరు కూడా.

"ఏం కనిపిస్తోందే?" అత్తగారు స్టూలు జరుపుకుంటూ దగ్గరికొచ్చింది.

"కాస్త టార్చి పట్టుకోండత్తయ్యా. ఇక్కడ, ఈ పట్టీ చివర."

మీటల నుంచి బోర్డుకు వెళ్లే సన్నటి తీగల పట్టీ మొనల మీద పచ్చటి పొడి పేరుకుని ఉంది. ఏళ్ల తరబడి పట్టిన చెమ్మ. ఇన్సులిన్ సూదికి ముందు అత్తగారు తుడుచుకునే స్పిరిట్ దూది అడిగి, ఒక్కొక్క మొనా తుడిచింది. ఆమె వేళ్లు ఆమెను అడక్కుండానే పని చేసుకుపోతున్నాయి.

టార్చి వెలుగు కదిలింది. "మీ మామగారి రేడియో ఓసారి నేను విప్పాను," అంది అత్తగారు. "లోపల తీగ ఊడింది. పెట్టేశాను. ఆయనొచ్చి తిప్పితే పాడింది. దానంతటదే బాగైందన్నారు. నేనూ అవునన్నాను."

"ఎందుకత్తయ్యా?"

"ఏమో. అప్పుడు అలా అనాలనిపించింది." టార్చి మళ్లీ నిలబెట్టి, "నలభై ఏళ్లయింది. ఇదే మొదటిసారి చెప్పడం," అంది.

తుడిచిన మొనలు ఆరేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పట్టీ బిగించి, మరలు తిప్పి, చేతులు పొడిగా తుడుచుకుని ప్లగ్గు పెట్టింది. మీట నొక్కగానే మెషిన్ కీచుమని చిన్నగా పలికింది. అత్తగారు చప్పట్లు కొట్టింది.

మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేసి రానక్కర్లేదంది. పట్టీకి పట్టిన చెమ్మ తుడిస్తే పని చేసిందని చెప్పింది.

"సార్ చూశారామ్మా?"

"కాదు. నేనే."

ఎలా చేశారో అతను గుచ్చిగుచ్చి అడిగాడు. "బోర్డులు చూసే మనిషి దొరక్క మా షాపులో గుట్టపడి ఉన్నాయి. ఒకసారి వచ్చి చూస్తారా మేడమ్?"

"చెప్తాను," అంది. తర్వాత గాజు తలుపు ముందు నేల మీద కూర్చుని, బట్టలు లేచి, తిరిగి, పడుతూ ఉంటే చాలాసేపు చూసింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి దండెం మీద చొక్కాలు ఊగుతున్నాయి.

"మెకానిక్ వచ్చాడా?"

"లేదు. నేనే విప్పి, లోపల పట్టిన చెమ్మ తుడిచి బాగుచేశాను."

"విప్పావా! షాక్ కొడితే?"

"ప్లగ్గు పీకే విప్పిందిలేరా. టార్చి నేనే పట్టుకున్నాను," అంది అత్తగారు.

అతను మీట ఒకటి నొక్కి చూసి, పెదవి విరిచాడు. "చెమ్మేగా. దాందేముంది, ఎవరైనా చేస్తారు."

ఆమె దండెం మీంచి అతని చొక్కా తీసి, మడత పెట్టకుండా అతని చేతికిచ్చింది. "రేపటి నుంచి పదింటికి నేను పనికి వెళ్తున్నాను. ఆ మెకానిక్ షాపులో బోర్డులు చూడాలి."

అతను తలెత్తి ఆమెను చూశాడు. "మరి ఇంట్లో పని?"

"దాందేముంది," అంది ఆమె, "ఎవరైనా చేస్తారు."