బాతుల వరస

పొద్దున లేస్తే మార్తమ్మకు మొదటి పని గుడ్లు వెతకడం. కోడైతే గంపలో పెడుతుంది, పెట్టి ఊరంతా చాటుతుంది. బాతుకు ఆ మర్యాద లేదు. తెల్లారకముందే ఎక్కడ నిలబడితే అక్కడ గుడ్డు జారవిడిచి, దానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు వెళ్లిపోతుంది. కట్టెల మోపు కింద ఒకటి, నీళ్ల డ్రమ్ము వెనక బురదలో ఒకటి, మొగుడు కరుణాకరం చెప్పుల పక్కన ఒకటి. మార్తమ్మ నడుం వంచి దేవులాడుతూ బాతులను కొంత, మొగుడిని కొంత తిడుతుంది. ఏ తిట్టు ఎవరిదో విడదీయడం కష్టం.

బాతులు పెంచడం చాలా సులభమని ఆమెకు ఫోన్లో ఒకాయన చెప్పాడు. వీడియోలో ఆయన వెనక నిండు చెరువు కనిపిస్తూనే ఉంది. తర్లుపాడు అవతలి ఈ ఊళ్లో చెరువంటే పిల్లలు క్రికెట్ ఆడుకునే చోటు. ఆ తేడా మార్తమ్మకు తట్టలేదు. పొదిలి సంతలో బాతుగుడ్లు కొనుక్కొచ్చి, పొదుగుడు మీదున్న కోడి కింద పెట్టింది. మూడు వారాలైనా పిల్లలు రాకపోయేసరికి మురిగిపోయాయనుకుని దిబ్బలో పారేయబోయింది. చేతిలో గుడ్డు కదిలింది. బాతుగుడ్డుకు ఇంకో వారం కావాలని ఆ ఫోన్లో ఆయన చెప్పే ఉంటాడు, కానీ ఆ ముక్క వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది. కోడి మాత్రం ఇక నా వల్ల కాదని లేచిపోయింది. ఆ మిగిలిన వారం పాత దుప్పటి, కరెంటు బల్బు పెట్టుకుని మార్తమ్మే పొదిగినంత పని చేసింది.

పిల్లలు వచ్చాక అసలు పని మొదలైంది. నూకలు పోస్తే ముక్కు నిండా తీసుకుని, తాగే నీళ్లలో కడిగి, ఆ నీళ్లను వాకిలంతా చల్లుతాయి. ట్యాంకరు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే ఊళ్లో మార్తమ్మ వాకిలి ఎప్పుడూ చిత్తడే. ఇరుగుపొరుగు ఊరుకుంటారా?

పెద్దయ్యాక బాతులు వీధిలోకి నడవడం నేర్చాయి. ఒకదాని వెనక ఒకటి, పెళ్లికి పిలిచినంత దర్జాగా. ఆ వరస వెనక ఎవరు పడితే వాళ్లు వరసలో కలిసిపోతారు. చివరి బాతు తోక వెనక అడుగు పడిందంటే, బాతులు ఆగేదాకా కాళ్లు మాట వినవు. పక్కన నడిస్తే ఏమీ కాదు. ముందు నడిచినా ఏమీ కాదు. అందుకే మార్తమ్మ కర్ర పట్టుకుని పక్కన నడుస్తుంది. ఊళ్లో దీన్ని గురించి ఎవరూ పెద్దగా చర్చించలేదు. విసుక్కున్నారంతే.

బాతుల దారి కూడా రోజూ ఒకటే. ముందు పడమటి వైపు ఆదిశేషు టీ కొట్టుకు పోతాయి, గ్లాసులు కడిగిన నీళ్ల కోసం. అక్కడ కాసేపు బురద కెలికి, వెనక్కి తిరిగి, ఊరంతా దాటి తూర్పున ఉన్న సర్కారు ఆస్పత్రి వెనక్కి చేరతాయి. పక్కనున్న వాటర్ ప్లాంటు వదిలేసే నీళ్లు అక్కడ మడుగు కట్టాయి. ఊరికి ఉన్న జలాశయం అదొక్కటే. బాతులు అక్కడ దిగేసరికి వాటి వెనక నలుగురైదుగురు మనుషులుంటారు.

"మార్తమ్మా, నా బర్రె గడ్డి కోసం అరుస్తా ఉంటది. ఆపు నీ బాతుల్ని!" అని నెత్తిన గడ్డిమోపుతో చెంచయ్య కేకలు పెట్టేవాడు.

"నేను చెప్తే ఆగేవైతే నా బతుకు ఇట్లెందుకుంటది చెంచయ్యన్నా!"

మొదట్లో నర్సు హెలెన్ కూడా చిరాకు పడింది. తర్వాత, వచ్చినోళ్లు వచ్చారు గదా అని బీపీ చూడడం మొదలుపెట్టింది. చెంచయ్యకు బీపీ ఉందని అట్లనే తెలిసింది. ఇప్పుడు బర్రె అరుపుల మధ్య మాత్ర వేసుకుంటున్నాడు.

ఊళ్లో బాతుల వెనక పడనివాడు ఒక్క కరుణాకరమే. పడాల్సినవాడూ అతనొక్కడే.

అతనికి షుగరు. కుడికాలి చిటికెనవేలి దగ్గర పుండు లేచింది. మొదట వేపాకు, పసుపు నూరి కట్టాడు. ఆరినట్టు కనిపించింది. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆ ఆదివారం మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశాడు. దేవుడు తన కాలు ముట్టాడని, సూదీ మందూ లేకుండా బాగుచేశాడని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు దేవదానం అయ్యగారు ఆనందంతో ఇంకో పాట పాడించారు. బుధవారానికి పుండు మళ్లీ తెరుచుకుంది.

అప్పటి నుంచి కరుణాకరం ఎండాకాలంలో కూడా సాక్సు వేసుకుని తిరుగుతున్నాడు.

"ఆస్పత్రికి పోవయ్యా," అంటుంది మార్తమ్మ.

"అంతమంది ముందు దేవుడు బాగుచేసినాడని చెప్పి, ఇప్పుడు పోయి కట్టు కట్టించుకుంటే ఎవరు అబద్ధమాడినట్టు? దేవుడా, నేనా?"

"నువ్వే."

"అందుకే పోను."

ఇట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం? రాత్రిపూట సాక్సు విప్పితే ఇల్లంతా వాసన. వేలు నల్లబడింది. తర్వాత పక్క వేలు కూడా. మార్తమ్మకు చదువు లేకపోయినా నలుపు ఎటు పాకుతుందో తెలుసు. పక్కింటాయన ఇట్లనే దాచుకుని దాచుకుని చివరికి మోకాలి దాకా పోగొట్టుకున్నాడు. కోపం పైకి కనిపించేది గానీ, ఆమెకు లోపలున్నది భయం. ఈ మొండివాడు లేకపోతే ఎవర్ని తిట్టుకుంటూ బతకాలన్న భయం.

బాతుల వెనక అతన్ని పడేయాలని ఎన్ని ఎత్తులు వేసిందో! ఒకరోజు వాటిని అతని మంచం ముందు నుంచి తోలింది. కాళ్లు మంచం మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఇంకోరోజు నూకలు పోయమని పిలిచింది. ప్రహరీగోడ పైనుంచి పోశాడు. బయటికి పోవాల్సి వస్తే బాతుల కంటే ముందే బయల్దేరి, వాటి ముందు ముందు కుంటుకుంటూ నడిచి, ఆదిశేషు కొట్టులో దూరేవాడు. బాతులు తిరిగి తూర్పు దారి పట్టేదాకా బయటికి వచ్చేవాడు కాదు.

"నన్ను పట్టుకోవడం నీ వల్ల కాదు, నీ బాతుల వల్లా కాదు," అనేవాడు మీసాల చాటున నవ్వుతూ.

ఆ శుక్రవారం మార్తమ్మ ఎత్తులు మానేసింది. అలసిపోయింది. బాతుల పక్కన కర్ర ఈడ్చుకుంటూ, ఈ నెల గుడ్లన్నీ కుక్కల పాలేనా అని ఆలోచిస్తూ నడుస్తోంది. కరుణాకరం ఎప్పటిలాగే బాతుల ముందు ఠీవిగా కుంటుతున్నాడు. కొట్టు దాకా వెళ్లి చూస్తే తలుపుకు తాళం. ఆదిశేషు మేనల్లుడి పెళ్లికి గిద్దలూరు పోయినాడంట. దూరడానికి తలుపు లేదు. కడిగిన గ్లాసులు లేవు, నీళ్లు లేవు. ఎండిన బురద చూసి ముందు బాతు ఓసారి అరిచి, అక్కడికక్కడే గిర్రున వెనక్కి తిరిగింది. మిగిలినవీ తిరిగాయి.

ముందున్న కరుణాకరం వెనకవాడైపోయాడు.

అతని కుడికాలు లేచింది. "ఏమే, మార్తమ్మా! ఆపు!" అన్నాడు. ఎడమకాలు లేచింది. మార్తమ్మ కర్ర కింద పడేసి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఊరంతా దాటి తీసుకెళ్లాయి. అతను ఆదిశేషును తిట్టాడు, ఆదిశేషు మేనల్లుణ్ణి తిట్టాడు, పెళ్లి ముహూర్తం పెట్టినాయన్ను తిట్టాడు. అరుగుల మీది వాళ్లు, "కరుణాకరం కూడా పడ్డాడే," అని తమ పని చూసుకున్నారు. బాతులు మడుగులో దిగి ఆగాయి. అతని కాళ్లు అతనికి తిరిగొచ్చాయి. ఎదురుగా హెలెన్ స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"కూర్చో చిన్నాయనా. ఆ సాక్సు ఇప్పు."

"నేను రాలేదమ్మా. తీసుకొచ్చినాయి."

"అందర్నీ అవే తీసుకొస్తాయి. ఇప్పు."

సాక్సు విప్పాక హెలెన్ వంగి రెండు వేళ్లనూ నొక్కి చూసింది. తర్వాత మార్తమ్మ వైపు చూసి, "ఇప్పుడే మార్కాపురం పోవాల. రేపు గాదు. రెండు వేళ్లు పోతాయి. ఆలస్యం చేస్తే కాలే పోతది," అంది. ఆటోకు ఫోన్ చేసింది.

కరుణాకరం లేచి నిలబడ్డాడు. ఇప్పుడు అతన్ని ఎవరూ పట్టుకుని లేరు. బాతులు నీళ్లలో తలలు ముంచుకుని ఉన్నాయి. ఇంటికి పోవాలంటే పోవచ్చు. మార్తమ్మ ఆ సంగతి గమనించింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆమె ఒక్క మాట కూడా అనలేకపోయింది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె నోరు మూతపడటం అతను చూడలేదు. ఆ మౌనం చూసి అతని మొహంలో బింకం పోయింది.

"మందిరంలో అడిగితే?" అన్నాడు మెల్లగా.

"బాతులు తీసుకపోయినాయని చెప్తా."

"నేను పోలేదని చెప్పాల."

"నువ్వు పోలేదు. నేనూ పొమ్మనలేదు. అంతా బాతులే."

ఆటో వచ్చి ఆగింది. అతను ఎక్కాడు.

రెండు వేళ్లు పోయాయి. కాలు మిగిలింది. మార్కాపురం నుంచి తిరిగొచ్చాక ఊళ్లో ఎవరూ సాక్ష్యం మాట ఎత్తలేదు. "బాతుల వెనక పడ్డావంట గదా," అని అడిగారు. "ఏం చేస్తాం, పడ్డాను," అన్నాడు. అక్కడితో సరిపోయింది.

కానీ మార్తమ్మకు కొత్త తలనొప్పి మొదలైంది. పొద్దున్నే వాకిట్లో జనం. రొమ్ములో గడ్డ ఉన్నట్టు మొగుడికి కూడా చెప్పని ఉషారాణి, బియ్యం అడగడానికి వచ్చినానంటూ అక్కడే తచ్చాడుతుంది. చూపు మసకేసిన సంగతి దాచుకుని మోటార్ సైకిల్ నడుపుతున్న నరేంద్ర, దారిన పోతూ ఆగినానంటాడు. బాతులు కదలగానే అందరూ వాటి వెనక అనుకోకుండా పడతారు. ఈ తొక్కిడికి బాతులు బెదిరి గుడ్లు తగ్గించేశాయి.

"నా ఇల్లు బస్టాండు చేసినారు!" అని మార్తమ్మ అరుస్తుంది. ఎవరూ కదలరు.

ఒకరోజు ఇంకా చీకటి వదలకముందే గేటు దగ్గర దేవదానం అయ్యగారు కనిపించారు. చంకలో బైబిలు ఉంది. ఆర్నెల్లుగా ప్రసంగం మధ్యలో ఆయనకు ఆగని దగ్గు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, వెంటనే మడిచి జేబులో దాచుకుంటారు. ఉపవాస ప్రార్థనతో పోతుందని సంఘానికి చెప్పి ఉన్నారు.

"ఇట్ల పోతా పోతా వచ్చినానమ్మా," అన్నారు.

ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. మార్తమ్మ చేతిలోని గుడ్లు పక్కన పెట్టింది. పోయి గేటు బార్లా తీసింది. బాతులు ఒక్కొక్కటే బయటికొచ్చి వరస కట్టాయి. అయ్యగారు వాటికి దూరంగా, గోడవారన నిలబడే ఉన్నారు.

కట్టు కట్టిన కాలు చాపుకుని మంచం మీద కూర్చున్న కరుణాకరం ఆయన్ను చూశాడు.

"అయ్యగారూ, ఇంకొంచెం దగ్గరికి జరగండి. అంత దూరంలో ఉంటే పట్టుకోవు."

అయ్యగారు జరిగారు.