కోరంగి బ్రహ్మయ్య తిథి

గాలి నైరుతి, ఉద్ధృతం, ఆకాశం మబ్బు. కృష్ణమూర్తి ఆ రెండు గడులూ నింపి, మూడో గడి ముట్టుకోకుండా కింది వరుసకి దిగాడు. మూడో గడి ఓడలో జరిగిన సంగతులది. అది టైపు చేయక్కర్లేదని కాంట్రాక్టులోనే ఉంది.

రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు వర్తకుల తెరచాప ఓడలవి. వాటి దినచర్య పుస్తకాల ఫొటోలు తెర మీద వస్తాయి. వాతావరణ శాస్త్రవేత్తలకి అందులో గాలీవానా కావాలి తప్ప మనుషులు అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు కారు తలుపుల బొమ్మలు గీసిన కృష్ణమూర్తి, 2008లో ఉద్యోగం ఊడిపోయాక అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని ఈ చిన్న ఆఫీసులో తేలాడు. ఇప్పుడు అరవై రెండేళ్లు. స్వెట్టరు మీద స్వెట్టరు, కుడి మణికట్టుకి పట్టీ. నాలుగేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు, ఎవరికీ ఏ బాకీ పడలేదు.

టైపు చేయక్కర్లేదంటే చదవకూడదని కాదుగా! చేరిన తొలి చలికాలంలోనే చదివాడు. 1814 ఫిబ్రవరి తొమ్మిది, సాయంత్రం ఎనిమిది గంటలు: ‘కోరంగి కళాసీ బ్రహ్మయ్య మరణించాడు. శవాన్ని సముద్రానికి అప్పగించాం.’ ఆ కిందనే, గాలి తగ్గింది. అంతే, మనిషి అయిపోయాడు.

కోరంగి తమ కాకినాడ పక్కనే. ఆ ఇంటివాళ్లకి ఏ రోజు పోయాడో కూడా తెలిసి ఉండదు, తద్దినం ఎవరు పెట్టారు గనక? కృష్ణమూర్తికీ పిల్లల్లేరు. రేపు తన తిథి ఎవరికి గుర్తుంటుందన్న భయం ఆయనకి ఎముకల్లో ఉంది. పంచాంగం లెక్క కట్టి మాఘ బహుళ పంచమి అని తేల్చుకుని, ఏటా ఆ రోజు నాలుగు నువ్వులూ నీళ్లూ వదులుతున్నాడు.

వదిలాకే మొదలైంది. కుర్చీ వెనక ఎవరో తడిబట్టలతో నిలబడ్డట్టు ఉంటుంది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. మెడ మీద మాత్రం చల్లగా. “పోనీ పిలవడం మానేయండి, మీ ఓడాయన్ని,” అని భార్య నళిని వేళాకోళం చేసేది. “ఆకలితో ఉన్నట్టున్నాడే,” అనేవాడు ఈయన.

ఈ గురువారం మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుంటే పక్క సీటు పూజిత కుర్చీ జరుపుకుని వచ్చింది. గుంటూరు పిల్ల, ఎమ్మెస్ చదువుతూ ఇక్కడ పార్ట్‌టైమ్ చేస్తోంది.

“అంకుల్, కొత్త ఇన్‌స్ట్రక్షన్స్ చూశారా? ఆ ఓడల్లో డేట్ అర్ధరాత్రి కాదు, ముందురోజు మధ్యాహ్నం పన్నెండింటికే మారిపోద్దంట. అందుకే పీఎం ముందు రాసి, ఏఎం తర్వాత రాశారు. నైన్త్ పీఎం అంటే మన లెక్కలో ఎయిత్ సాయంత్రం అన్నమాట.”

పీఎం ముందుండటం కృష్ణమూర్తి నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. తెల్లవాళ్ల తలకిందుల రాత అనుకున్నాడు. చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

“అయితే పంచమి కాదా?”

“ఏంటంకుల్?”

“చవితి. చవితి నాడు పోయాడు. ఇవాళే చవితి.” “అయ్యో, ఎంత పని చేశాను! చుట్టం వచ్చి వెళ్లిపోయిన మర్నాడు విస్తరేశాను కదమ్మా!”

పంచమి రేపు కదా అని నిదానంగా ఉన్నాడు. పొద్దుట కాఫీ తప్ప ఏమీ తినలేదు, అదొక్కటే అదృష్టం. పులిహోర డబ్బా పూజిత చేతిలో పెట్టి, మేనేజరుతో ఒంట్లో బాలేదని తొలిసారి అబద్ధమాడి, కారు తీశాడు. పొద్దు గూకేలోగా అయిపోవాలి. తప్పితే మళ్లీ ఏడాది.

ఇంటికి చేరేసరికి మూడున్నర. తలమీద నీళ్లు పోసుకుని, పంచె కట్టి, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీదికి నడిచాడు. మంచు కాళ్లని కోసేస్తోంది. “మతి పోయిందా మీకు? ఈ చలిలోనా! ఇంట్లో చేసుకోండి!” నళిని గుమ్మంలోంచి అరిచింది.

“సముద్రంలో పోయినవాడు కదే, ఆకాశం కింద ఇవ్వాలి. మూడేళ్ల బాకీ.”

జంధ్యం కుడి భుజానికి మార్చి, దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం. రాగి చెంబులోంచి నువ్వుల నీళ్లు బొటనవేలి పక్కనుంచి మూడుసార్లు వదిలాడు. సగం నీళ్లు అలాగే ఉంచి, చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది. మెడ తడుముకున్నాడు.

“వెళ్లాడే నళినీ. ఈసారి వెళ్లాడు.”

కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, ఆమె కాఫీ కలపడానికి వెళ్లింది. తిరిగి వచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

మర్నాడు గుడి పూజారి ఫోన్ చేశాడు. “తిథి చెప్పండమ్మా, రాసుకుంటాను.”

“మాఘ బహుళ చవితి,” అంది నళిని. “ఇద్దరి పేరునా రాయండి. ఏటా నేనే వచ్చి చేయిస్తాను.”

“రెండో ఆయన ఎవరమ్మా?”

“బ్రహ్మయ్య గారు. ఓడలో పోయారు.”

ఫోన్ పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. చెంబు డెక్ మీద అలాగే ఉంది. దాని చుట్టూ మంచు జానెడెత్తు పేరుకుంది గానీ, లోపల మంచూ లేదు, నీళ్లూ లేవు, అడుగున నాలుగు నల్ల నువ్వులు పొడిపొడిగా ఉన్నాయి.