పిడికెడు ఎక్కువ

ఎసరు మరిగేలోపు బియ్యం కొలవాలి. మా రాజోలులో పొయ్యి వెలిగించిన ప్రతిపూటా పిడికెడు బియ్యం తీసి చర్చి డబ్బాలో వేయడం అమ్మ నేర్పిన అలవాటు. ఇక్కడ గల్ఫులో, అబ్బాసియాలో, ఈ మూసేసిన స్కూల్లో, ఆ పిడికిలే నాకు కొలత అయింది. మనిషికో పిడికెడు. ఇరాక్ సైన్యం వచ్చి నెల దాటింది. ఇళ్లు వదిలి వచ్చిన మనవాళ్లంతా తరగతి గదుల్లో పడుకుంటున్నారు. మగవాళ్లు కమిటీ వేసుకున్నారు. కమిటీలో వంట ఎవరు చేయాలన్న మాటే రాలేదట. నేను మొదటిరోజు అన్నం వార్చాను కాబట్టి రెండోరోజూ నేనే.

జోర్డాన్ వెళ్లే బస్సుల కోసం జాబితా రాసింది కమిటీలోని సోమేశ్వరరావు గారు. ఇంటి పెద్ద పేరు, పక్కన ఎంతమందో అంకె. మాది “రాజబాబు, ప్లస్ ఒకటి.” ఆ ఒకటి నేను. నా పేరు సువార్తమ్మ అని చెప్పబోయాను. ఆయన మా ఆయన వంక చూసి నవ్వారు. “మీ ఆవిడ పేరు ఎవరడిగారు గానీ, ముందు టీ పంపించమనండి.”

జాబితాలో నూట ఇరవై రెండు. నా పిడికిళ్లు నూట ఇరవై మూడు.

ఆ ఎక్కువైన పిడికెడు ఆనందమ్మది. ఆమె ‘మామా’ అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు పిల్లల్ని కారులో ఎక్కించుకుని సౌదీ వైపు వెళ్లిపోయింది. ఆనందమ్మ పాస్‌పోర్టు, వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. అలా వచ్చిన మిగతా పనివాళ్లు ఎవరో ఒక మగమనిషి పేరు కింద చెల్లెలనో మరదలనో చెప్పుకొని చేరారు. ఆనందమ్మకి ఐదు రోజులుగా జ్వరం. అంటుకుంటుందని ఆమెను మెట్ల కింద గదిలోకి మార్చారు. ఎవరూ తమ కింద రాయించుకోలేదు.

“మన కింద రాయించండి, మీ చెల్లెలని,” అని మా ఆయన్ని అడిగాను.

“నీకేమన్నా మతిపోయిందా? బోర్డరులో జవాబు చెప్పేది నేనా, నువ్వా? పోయి కూర చూసుకో, మాడుతోంది.”

కూర మాడలేదు.

రోజూ వంటకు ముందు వాక్యం చదువుకుంటాను. ఇప్పుడు బైబిల్లో సంఖ్యాకాండం నడుస్తోంది. సీనాయి ఎడారిలో జనాన్ని లెక్కపెట్టిన సంగతి. ఇరవై ఏళ్లు దాటి యుద్ధానికి పనికొచ్చే మగవాళ్లని, తండ్రుల పేర్ల వరసన, ఆరు లక్షల పైచిలుకు. ఏ గోత్రం ఏ దిక్కున గుడారం వేసుకోవాలో కూడా ఉంది. ఆకాశం నుంచి రాలిన మన్నాని ఏరి, దంచి, రొట్టెలు చేశారనీ ఉంది. దంచింది ఎవరో లేదు. దేవుని మాటలో తప్పు పట్టేంత చదువు నాకు లేదు, పదో తరగతి తప్పినదాన్ని. ప్రార్థనలో అడిగాను, అంతే. తండ్రీ, ఆ దంచినవాళ్ల లెక్క నీ దగ్గర వేరే ఉందా?

 ఇంకొన్ని పేజీలు తిప్పాక మిర్యాము వచ్చింది, ఆ జనాన్ని నడిపించిన ప్రవక్తకి అక్క. ఒళ్లంతా కుష్ఠు పట్టిన ఆమెను పాళెం బయట ఉంచారు. ఏడు రోజులు. ఆమె తిరిగి లోపలికి వచ్చేదాకా అన్ని లక్షల జనం కదల్లేదట. ఆ పేజీలో గరిట పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లాను.

ఈ ఉదయం బస్సులు వచ్చాయి. పేర్లు పిలిచే ముందు సోమేశ్వరరావు గారు గట్టిగా చెప్పారు. “కాగితంలో అంకెకీ తలలకీ తేడా వస్తే బోర్డరులో అందరినీ దింపేస్తున్నారు. ఒక్క తల అటూఇటూ అవకూడదు.”

నేను మెట్ల కింద గదిలో ఉన్నాను. ఆనందమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“వెళ్లు వదినా. బస్సు పోద్ది.”

“పోనీ.”

“అన్నయ్య తిడతాడు.”

“తిట్టనీ. అలవాటేగా.”

ఆమె నవ్వబోయి దగ్గింది. బయట “రాజబాబు, ప్లస్ ఒకటి” అని వినిపించింది. కాసేపటికి మళ్లీ అదే. తర్వాత తలలు లెక్కపెట్టిన చప్పుడు, మళ్లీ మొదటినుంచి. “నూట ఇరవై ఒకటే వస్తోందేంటండీ?”

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. గది లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. “ఏమే, అందరూ నీకోసం ఆగిపోయారు!”

పద్నాలుగేళ్ల కాపురంలో ఆ మాట మొదటిసారి విన్నాను.

“ఈమెని కూడా రాయించండి, వస్తాను,” అన్నాను.  ఆయన గిరుక్కున తిరిగి కమిటీ వాళ్ల దగ్గరికి వెళ్లారు. ఏం చెబుతారో తెలియదు. నా అంకె కొట్టేసి పక్కన నూట ఇరవై ఒకటి అని రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? బస్సు హారన్ కొడుతోంది. మిర్యాము కోసం ఏడు రోజులు ఆగారు. నేను తడిగుడ్డ పిండి, ఆనందమ్మ నుదుటి మీద మళ్లీ వేసి, ఆమె పక్కనే కూర్చున్నాను.